పెట్టీ అంటే చిల్లర

మీరు అడిగింది ఇది. రిపోర్టులో తేదీలు తిరగబడి వస్తున్నాయని క్లయింటు మెయిల్ పెట్టాడు. మీరు ‘ఇట్ ఈజ్ ఎ పెట్టీ ఇష్యూ, విల్ ఫిక్స్’ అని జవాబిచ్చారు. ఆయన నొచ్చుకున్నాడు, మీ టీమ్ లీడ్ మీకు క్లాసు పీకాడు. చిన్నదాన్ని చిన్నది అంటే తప్పేముంది, పెట్టీ, మైనర్, ట్రివియల్, నెగ్లిజిబుల్ అన్నీ ఒకటే కదా అన్నారు. చివర్లో ‘ఆటలో అరటిపండు’ని ఇంగ్లీషులో ఏమంటారని కూడా అడిగారు. అదీ చెబుతాను, ముందు మీ మెయిల్ సంగతి చూద్దాం.

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా అనువాదాలు, ఎడిటింగ్ చేసుకుని బతుకుతున్నాను. ఇంగ్లీషు రాసేటప్పుడు మనవాళ్లు జారిపడే చోట్లలో ఈ ‘చిన్న’ మాటల గుంపు ఒకటి. డిక్షనరీ తీస్తే అన్నిటికీ ‘అల్పమైన, స్వల్పమైన’ అనే ఉంటుంది. కానీ వీటి మధ్య అసలు తేడా సైజులో లేదండి. ఎవరి విషయాన్ని ఎవరు తీసిపారేస్తున్నారు, అందులో ఈసడింపు పాలు ఎంత అన్న దాంట్లో ఉంది.

పెట్టీ అన్న మాట ఫ్రెంచి ‘పెటి’ నుంచి వచ్చింది. అక్కడ దానికి చిన్నది అనే అర్థం, అందులో తిట్టేమీ లేదు. ఇంగ్లీషులోకి వచ్చాక రెండు పాయలైంది. ఆ పాయలు ఎలా నడుస్తాయో తెలియాలంటే మన ‘చిల్లర’ని తలుచుకోండి. చిల్లర డబ్బులు, చిల్లర ఖర్చులు, చిల్లర కొట్టు అంటే ఎవరికీ కోపం రాదు. చిల్లర మనిషి, చిల్లర గొడవ, చిల్లర బుద్ధి అంటే మాత్రం కొట్లాటే. పెట్టీ కూడా సరిగ్గా ఇంతే. పెట్టీ క్యాష్ అంటే ఆఫీసులో చిల్లర ఖర్చులకు ఉంచే డబ్బు. నేవీలో పెట్టీ ఆఫీసర్ అన్నది గౌరవమైన హోదా, విశాఖలో ఏ వీధిలో అడిగినా చెబుతారు. పోలీసులు పెట్టీ కేసు రాశారంటే జరిమానాతో పోయే కేసు అని. అదే మాటని మనిషికో, గొడవకో, ఫిర్యాదుకో తగిలిస్తే రెండో పాయలోకి వెళ్లిపోతుంది. ఇప్పుడు మీ మెయిల్ మళ్లీ చదవండి. ‘మీది చిల్లర గొడవ, చూస్తాంలే’ అన్నట్టుంది. క్లయింటు చదివింది అదే.

(మనవైపు పెట్టీ షాపు అనే మాట ఉంది కదా, బడ్డీ కొట్టు. దాని వెనక ఇంగ్లీషు పెట్టీ ఒక్కటే లేదు, తమిళుల ‘పెట్టి కడై’, అంటే పెట్టె లాంటి కొట్టు, అది కూడా ఉంది. రెండూ కలిసిపోయాయి. బడ్డీ కొట్టు చూస్తే నిజంగానే కాళ్లున్న పెట్టెలా ఉంటుంది.)

మరి ఏం రాయాలి? ‘మైనర్ ఇష్యూ’ అంటే ఈసడింపు పోతుంది. కానీ అది కూడా నేను సిఫారసు చెయ్యను. ఎందుకంటే తేదీ తప్పుపడితే ఆయన దగ్గర ఏ బిల్లు ఆగిపోయిందో మనకు తెలియదు. సమస్య ఆయనది, దాన్ని చిన్నది అనే హక్కు మనకు లేదు. మన పనిని మాత్రం మనం చిన్నది అనుకోవచ్చు. ‘థాంక్స్ ఫర్ క్యాచింగ్ దిస్. ఇట్స్ ఎ స్మాల్ ఫిక్స్ ఆన్ అవర్ సైడ్, యు విల్ హ్యావ్ ఇట్ బై ఈవెనింగ్’ అని రాసి చూడండి. ఇందులోనూ చిన్న అనే మాట ఉంది. కాకపోతే అది మన రిపేరు మీద పడింది, ఆయన ఫిర్యాదు మీద పడలేదు. ఎవరికి ఏది నేర్పినా ఈ ఒక్క కిటుకు తప్పకుండా చెబుతాను.

మీ సాఫ్ట్‌వేర్ ఫీల్డులోనే దీనికి ఇంకో చక్కటి ఉదాహరణ ఉంది. ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చూసే కోడ్ రివ్యూలో ‘నిట్’ అని మొదలుపెట్టి కామెంటు రాస్తారు కదా. నిట్ అంటే పేనుగుడ్డు, మన ఈపి. నిట్‌పికింగ్ అంటే ఈపులు ఏరడం, మనం ‘కోడిగుడ్డు మీద ఈకలు పీకడం’ అంటామే, అది. ఎదుటివాణ్ని ‘నిట్‌పికింగ్ చేస్తున్నావు’ అంటే తిట్టు. నా కామెంటుకు నేనే నిట్ అని పేరు పెట్టుకుంటే మర్యాద, ‘ఇది ఈకలు పీకడమే, పట్టించుకోకపోయినా ఫరవాలేదు’ అని ముందే ఒప్పుకున్నట్టు. మాట అదే. ఎవరు ఎవరి మీద వాడారన్నదే తేడా.

ట్రివియల్ కథ వేరు. లాటిన్‌లో ‘ట్రివియం’ అంటే మూడు దారులు కలిసే చోటు. నలుగురూ నిలబడి కబుర్లు చెప్పుకునే కూడలి అన్నమాట, అక్కడ దొరికే కబురు ఎంత విలువైందో మనకు తెలిసిందే. మధ్యయుగాల యూరప్ విశ్వవిద్యాలయాల్లో ముందుగా నేర్పే వ్యాకరణం, తర్కం, వక్తృత్వం ఈ మూడింటినీ కలిపి కూడా ట్రివియం అనేవారు. లెక్కలు, జ్యామితి, సంగీతం, ఖగోళం ఆ తర్వాత వచ్చేవి. ఈ రెండు వాసనలూ ఇవాళ్టికీ ఆ మాటలో ఉన్నాయి. ఒకటి ‘వీధి కబురు లాంటిది’, రెండోది ‘మొదటి మెట్టు చదువు, అందరికీ తెలిసిందే’.

ఇంటర్ మ్యాథ్స్‌లో మాత్రికల దగ్గర ట్రివియల్ సొల్యూషన్ చదువుకునే ఉంటారు. ఎక్స్, వై, జెడ్ అన్నీ సున్నా. అది పనికిరాని జవాబని కాదు, చూడగానే తెలిసేది, కష్టపడి కనుక్కోవలసిన పని లేనిది అని. ఇంజనీర్లు ‘ట్రివియల్ ఛేంజ్’ అన్నప్పుడు వాడేదీ ఈ అర్థమే. బగ్గుల్ని నమోదు చేసుకునే జిరా సాఫ్ట్‌వేర్‌లో పాత రోజుల్లో ప్రయారిటీలు బ్లాకర్, క్రిటికల్, మేజర్, మైనర్, ట్రివియల్ అని ఉండేవి, మీ సీనియర్లకు గుర్తుంటాయి. అవి టీమ్ లోపల వాడుకునే మాటలు. కస్టమర్ చెప్పినదాన్ని ఆయన ముఖం మీదే ట్రివియల్ అంటే మొదటి వాసన కొడుతుంది.

ఈ మాట మా ఇంట్లో ఒక రాత్రి నిద్ర లేకుండా చేసింది. మా పెద్దమ్మకు ఆయాసంగా ఉందని టూడీ ఎకో తీయించారు. రిపోర్టు సాయంత్రం చేతికొచ్చింది, డాక్టర్ని కలవడం మర్నాడు పొద్దున. రిపోర్టులో ఒక వరుస బోల్డ్ అక్షరాల్లో ఉంది: ‘ట్రివియల్ టీఆర్’. టీఆర్ అంటే గుండెలో ఒక కవాటం దగ్గర రక్తం కాస్త వెనక్కి రావడం. మా అన్నయ్య ఫోన్ చేసి, ‘ట్రివియల్ అంటే ట్రిపుల్ లాంటిదా, మూడు బ్లాకులా?’ అన్నాడు. నేను నవ్వేసి చెప్పినా పెద్దమ్మ నమ్మలేదు. ‘ఏం లేకపోతే అంత లావు అక్షరాల్లో ఎందుకు కొడతార్రా?’ అంది. మర్నాడు డాక్టరుగారు ఆ వరుస మీద పెన్ను పెట్టి, ‘ఇది లెక్కలోకి రాదమ్మా, గుండె బాగున్నవాళ్లలోనూ చాలామందికి కనిపిస్తుంది’ అన్నాకే ఆవిడ కాఫీ తాగింది. రిపోర్టుల్లో ఇలాంటిదే ఇంకోటి ‘అన్‌రిమార్కబుల్’. లివర్ అన్‌రిమార్కబుల్ అని ఉంటే లివర్ బాగోలేదనుకుని కంగారుపడినవాళ్లని చూశాను. చెప్పుకోవలసిన తేడా ఏదీ కనపడలేదని దాని అర్థం. వైద్యంలో ‘విశేషమేమీ లేదు’ అనిపించుకోవడం కన్నా అదృష్టం ఏముంటుంది! అర్థం కాని మాట ఉంటే రాత్రంతా గూగుల్ చెయ్యకుండా డాక్టర్నే అడగండి.

నెగ్లిజిబుల్‌కి ఈసడింపు లేదు. అది కొలత మాట. లాటిన్ మూలంలో ‘ఏరుకోకపోవడం’ అని, కిందపడినా వంగి తీసుకోకపోవడం. సంస్కృతం నుంచి మనకు వచ్చిన ‘నగణ్యం’ దీనికి బాగా సరిపోతుంది, లెక్కపెట్టనక్కర్లేనిది అని. దీన్ని దేనితోనైనా పోల్చి చూసినప్పుడే వాడాలి. ఫిజిక్స్ లెక్కలో గాలి నిరోధం నెగ్లిజిబుల్ అంటాం, రాయి పడుతుంటే. ఈక పడుతుంటే అనలేం. ఖర్చుకి, రిస్కుకి, తేడాకి వాడండి. మనుషులకి వాడొద్దు. ‘హిస్ కాంట్రిబ్యూషన్ ఈజ్ నెగ్లిజిబుల్’ అని అప్రైజల్లో రాస్తే, కొలిచి చూసి మరీ సున్నా వేసినట్టు ఉంటుంది. తిట్టు కన్నా ఘోరం.

ఇన్‌సిగ్నిఫికెంట్ విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. గణాంకాల్లో ‘సిగ్నిఫికెంట్’ అంటే ముఖ్యమైనది అని అర్థం కాదు. ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండదు అనుకోడానికి తగినంత ఆధారం ఉంది అని మాత్రమే. నిజానికి తేడా లేకపోయినా ఇంత తేడా కనపడే అవకాశం 100లో 5 లోపు ఉండాలి అనే గీతని గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1925లో వాడుకలో పెట్టాడు, అందరూ దాన్నే పట్టుకున్నారు. వేలమంది మీద పరీక్షిస్తే బీపీలో ఒక్క పాయింటు తేడా కూడా సిగ్నిఫికెంట్ కావచ్చు, రోగికి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. వార్తల్లో దీన్ని ‘గణనీయమైన మెరుగుదల’ అని తెలుగు చేస్తుంటారు. నేనూ మొదట్లో చేశాను.

చట్టం దగ్గరికి వస్తే ‘డి మినిమిస్’ అని లాటిన్ ముక్క ఒకటి ఉంది. చిన్నాచితకా వాటిని చట్టం పట్టించుకోదు అనే సూత్రంలో మొదటి రెండు మాటలు అవి. మన చట్టంలో దీన్ని రాతపూర్వకంగా పెట్టారు, 1860 నాటి ఐపీసీలో 95వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 33వ సెక్షన్ అయింది. జరిగిన హాని ఎంత స్వల్పమంటే, మామూలు తెలివి, మామూలు ఓర్పు ఉన్న మనిషెవరూ దాని గురించి ఫిర్యాదు చెయ్యరు, అలాంటిది నేరం కాదు అని. బస్సులో కాలు తొక్కితే కేసు కాదన్నమాట. ఇందులో నాకు నచ్చేది, చిన్నది అంటే ఎంత అని అంకె చెప్పకుండా మామూలు మనిషి ఓర్పుని కొలబద్దగా పెట్టడం.

అమెరికా కస్టమ్స్‌కి మాత్రం అంకె ఉండేది. 800 డాలర్ల లోపు పార్సిల్ డి మినిమిస్, సుంకం లేదు. 2016 నుంచి నడిచిన ఆ పరిమితిని 2025 ఆగస్టు 29న అన్ని దేశాలకూ ఎత్తేశారు. అప్పటిదాకా ఈ మాట ఎప్పుడూ వినని ఇళ్లలో, గోంగూర పచ్చడీ చీరలూ ప్యాక్ చేసుకుంటూ దాని గురించే మాట్లాడుకున్నారు.

ఇక డబ్బు మాటలు. ఇక్కడే ఎక్కువ ప్రమాదం ఉంది, నా సొంత తప్పు కూడా ఇక్కడిదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారిని ఉపన్యాసానికి పిలుస్తూ ఉత్తరం రాయమన్నారు. ఇచ్చేది తక్కువే. మన పద్ధతిలో వినయంగా చెప్పాలి కదా, ‘చంద్రుడికో నూలుపోగు’ అన్నట్టు. డిక్షనరీలో స్వల్పమైన అని వెతికి ‘ఎ పాల్ట్రీ హానరేరియం’ అని రాశాను. ఆయన కార్డు మీద రెండు ముక్కలు రాసి పంపారు: ‘పాల్ట్రీ అని మీకే తెలిసినప్పుడు కాస్త పెంచవచ్చు కదా? ఉపన్యాసం మాత్రం పాల్ట్రీగా ఉండదని హామీ.’ వచ్చి అద్భుతంగా మాట్లాడి వెళ్లారు. నేను మాత్రం ఆ సాయంత్రం వెనక వరసలోనే కూర్చున్నాను.

పాల్ట్రీకి మూలం పేలిక గుడ్డ. ఇచ్చినవాడు సిగ్గుపడాల్సినంత తక్కువ అని దాని భావం, కాబట్టి పుచ్చుకున్నవాడు అనాలి కానీ ఇచ్చేవాడు అనకూడదు. ఇచ్చేవాడు ‘మోడెస్ట్’ అనాలి, లేదా ‘స్మాల్ టోకెన్ ఆఫ్ అప్రిసియేషన్’. మీజ్లీ కూడా పాల్ట్రీ కుటుంబమే, మీజిల్స్ అనే తట్టు జబ్బు నుంచి వచ్చింది. దీనికి మన దగ్గర బ్రహ్మాండమైన సమానార్థకం ఉంది: ముష్టి. ‘ముష్టి వెయ్యి రూపాయల కోసం ఇంత గొడవా!’ అంటామే, అదే ‘ఎ మీజ్లీ థౌజండ్ రూపీస్’. అనువాదంలో ‘స్వల్పమైన వెయ్యి రూపాయలు’ అని రాసేవాళ్లని చూస్తే నాకు చేతులు దురద పుడతాయి. పీనట్స్ అంటే జీతం దగ్గర వాడే మాట, పనికి తగ్గది కాదు అని. దాన్ని ‘పప్పుబెల్లాలు’ అని చేస్తే కొంచెం దారి తప్పుతుంది. మనం పప్పుబెల్లాల్లా పంచడం అంటే విలువైనదాన్ని చవగ్గా పంచిపెట్టడం. అక్కడ వేలు చూపించేది ఇచ్చేవాడి దుబారా వైపు.

నామినల్ అంటే తక్కువ అనుకుంటారు చాలామంది. మీరు టెన్త్ రాసేముందు బడిలో ‘నామినల్ రోల్స్’ పంపారు, గుర్తుందా? పేర్ల జాబితా. నామినల్ అంటే పేరుకు సంబంధించినది, అంతే. నామినల్ ఫీజు అంటే పేరుకు తీసుకునే ఫీజు, మన ‘నామమాత్రం’ దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. నామినల్ జీడీపీ అంటే బుల్లి జీడీపీ కాదు, ధరల పెరుగుదలని తీసెయ్యకుండా చెప్పే అంకె. 2020 ఆగస్టు 31న కోర్టు ధిక్కారం కేసులో లాయరు ప్రశాంత్ భూషణ్‌కు సుప్రీంకోర్టు 1 రూపాయి జరిమానా వేసింది. దాన్ని పాల్ట్రీ అనడం కుదరదు. అక్కడ రూపాయి విలువతో పనే లేదు, శిక్ష వేశాం అనడానికి గుర్తు అది, అంటే టోకెన్. లోక్‌సభలో టోకెన్ కట్ అని కోత తీర్మానం పెడతారు, పద్దులో తగ్గించమనేది 100 రూపాయలు. మన దగ్గర ప్లాటు చూసి నచ్చగానే ఇచ్చే టోకెన్ అడ్వాన్సూ ఆ బాపతే, మాట ఖాయం అని చెప్పడానికి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ‘ఏ కొంచెం కూడా లేదు’ అనడానికి వాడే మాటలు. ఇంగ్లీషులో అయోటా, జాట్, టిటిల్, విట్, సింటిల్లా ఉన్నాయి. మనకు ఇసుమంత, రవ్వంత, పిసరంత, ఆవగింజంత, వీసమెత్తు. ఇసుమంత అంటే ఇసుక రేణువంత, వీసం అంటే పదహారో వంతు. చూడండి, మనవన్నీ చేతికి తగిలేవి. ఇంగ్లీషు మాటల్లో కొన్ని అక్షరాల నుంచి వచ్చాయి. అయోటా గ్రీకులో ఒక చిన్న అక్షరం, జాట్ దాని వికారమే. టిటిల్ అంటే అక్షరానికి పెట్టే చిన్న గీత, ఇప్పుడు ఇంగ్లీషు ‘ఐ’ మీద చుక్కని అలా అంటారు. ధర్మశాస్త్రంలో జాట్, టిటిల్ కూడా తప్పిపోవని బైబిల్లో మత్తయి సువార్తలో ఉంది. దాన్ని తెలుగు చేసినవాళ్లు ఏం రాశారో తెలుసా? ‘ఒక పొల్లయినను ఒక సున్నయైనను’ అని. గ్రీకు అక్షరాన్ని తెచ్చి పెట్టకుండా, తెలుగు రాతలో అంత చిన్నవి ఏవని వెతికి, న్‌, త్‌ల మీద పెట్టే పొల్లునీ సున్నానీ పట్టుకున్నారు. ‘అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు’ అని మనం అంటూనే ఉంటాం కదా. ఇరవై ఏళ్లలో ఇలాంటి అనువాదం ఒక్కటి చేసి ఉంటే నాకు చాలు అనిపిస్తుంది.

సింటిల్లా అయితే ఇంకా ముచ్చటగా ఉంటుంది. లాటిన్‌లో దానికి నిప్పురవ్వ అని అర్థం. కోర్టుల్లో ‘నాట్ ఎ సింటిల్లా ఆఫ్ ఎవిడెన్స్’ అంటారు. మన ‘రవ్వంత ఆధారం కూడా లేదు’లో ఉన్నదీ రవ్వే. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోకుండా రెండు భాషలూ ఒకే నిప్పు దగ్గర కూర్చున్నాయి. విట్ అంటే పాత ఇంగ్లీషులో ‘వస్తువు’ అని. ‘ఏ వస్తువూ లేదు’ అన్నదే అరిగి అరిగి ‘నాట్’ అయింది. రోజుకు వందసార్లు వాడే మాటలో ఇంత ఉందని ఎవరు అనుకుంటారు? ఇవన్నీ దాదాపు ‘లేదు’ అనే వాక్యాల్లోనే ఒదుగుతాయి. ‘ఐ హ్యావ్ యాన్ అయోటా ఆఫ్ డౌట్’ అని రాస్తే ‘నాకు ఇసుమంతైనా సందేహం ఉంది’ అన్నంత వికారంగా ఉంటుంది.

చెల్లని నాణేల సంగతి రెండు ముక్కల్లో. మనం చిల్లిగవ్వ, దమ్మిడీ అన్నట్టే వాళ్లు ఫార్దింగ్ అంటారు, పెన్నీలో నాలుగో వంతు, అది 1960 చివరిదాకా చెల్లింది. అమెరికాలో ‘పికయూన్’ అనే మాట ఉంది, ఆరుంపావు సెంట్ల నాణెం. 1837లో న్యూ ఆర్లీన్స్‌లో ఒక పత్రిక తన ధరనే పేరుగా పెట్టుకుంది, ‘ది పికయూన్’. ‘ఐ డోంట్ గివ్ ఎ డ్యామ్’లోని డ్యామ్ అక్బరు కాలపు ‘దామ్’ నాణెం నుంచి వచ్చిందని, అది మన దమ్మిడీకి చుట్టమని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. దమ్మిడీతో చుట్టరికం సరే, ఇంగ్లీషు డ్యామ్ మాత్రం శాపనార్థం మాటే. కథ బాగుంది కాబట్టి నమ్మబుద్ధేస్తుంది, అంతే.

ఇక ఆటలో అరటిపండు. నాకు తెలిసి దీనికి సరైన ఇంగ్లీషు మాట లేదు. దగ్గరికి వచ్చేది ‘టోకెన్ ప్లేయర్’. కానీ ఇంగ్లీషులో టోకెన్ మెంబర్ అంటే జనం ఏమైనా అంటారని మొహమాటానికి చేర్చుకున్నవాడు, పక్కన పెట్టేశారన్న చేదు అందులో ఉంటుంది. మన అరటిపండు నాలుగేళ్ల చెల్లెలు. దాగుడుమూతలు ఆడుతుంటే వెంటపడి ఏడుస్తుంది, అమ్మ లోపలి నుంచి ‘దాన్ని కూడా ఆడించండ్రా’ అని అరుస్తుంది. అది ఎక్కడ దాక్కున్నా కనపడనట్టు నటించాలి, దొరికినా దొంగ పెట్టకూడదు. దానికి తాను ఆటలో ఉన్నానన్న నమ్మకం ఉంటుంది, మిగతావాళ్లకు లేదని తెలుసు. ఇంత సంగతి ఒక్క ఇంగ్లీషు మాటలో పట్టదు. మీటింగులో మీ పరిస్థితి అదే అయితే ‘ఐ యామ్ జస్ట్ సిట్టింగ్ ఇన్’ అనండి, సరిపోతుంది.